చేతులు కట్టుకున్న అక్క

మా తమ్ముడి పేరు బుల్లిబాబు. నలభై దాటి, చెవుల పక్కన జుట్టు నెరిసినా వాడు బుల్లిబాబే. ఆ పేరు వాడు ఒక్కసారీ వినలేదు. పుట్టు చెవుడు. పిలిచినా వినపడనివాడికి పెద్ద పేరు దేనికనుకున్నారో ఏమో, ఎవరూ మార్చలేదు. ఊళ్ళో కొందరు మూగోడనేవాళ్ళు. అలా అన్నవాళ్ళతో నేను చిన్నప్పుడూ మాట్లాడలేదు, ఇప్పుడూ మాట్లాడను. వాడు మూగవాడేమిటి? మా ఇంట్లో వాడంత వాగుడుకాయ ఇంకొకళ్ళు లేరు. కాకపోతే చేతులతో వాగుతాడు.

ఆ చేతుల భాష ఏ బళ్ళోనూ చెప్పేది కాదు. జగ్గయ్యపేటలో మా వంటింట్లో కూర్చుని అమ్మా, నేనూ, వాడూ కలిసి చేసుకున్నది. అమ్మంటే ముక్కుపుడక. నాన్నంటే మీసం. నేనంటే జడ పట్టుకు లాగడం, ఎందుకంటే వాడు నన్ను పిలవడం మొదలెట్టిందే అలాగ. వేదాద్రి అంటే నరసింహస్వామి గోళ్ళు. పెళ్ళంటే మూడు ముళ్ళు. మా ఆయనకి మొదట్లో కళ్ళజోడని పేరుండేది. ఆయన ఇంట్లో కూర్చుని ఆఫీసు పని చెయ్యడం మొదలెట్టాక వాడే ఆ పేరు తీసేసి కొత్తది పెట్టాడు, రెండు చెవుల మీదా రెండు అరచేతులు. నాన్న మాత్రం ఈ భాష నేర్చుకోలేదు. కొడుకు చెవిటివాడని తెలిసీ గొంతు పెంచి అరిచేవాడు. పోయేదాకా అరుస్తూనే ఉన్నాడు.

మా భాషకి ఒక మర్యాద ఉంది. ఒకళ్ళు చెబుతుంటే రెండోవాళ్ళు చేతులు కట్టుకు వినాలి. మధ్యలో చెయ్యి ఆడిస్తే మాటకి అడ్డం వచ్చినట్టు. అది అమ్మ పెట్టిన రూలు. మేమిద్దరం ఒకేసారి చేతులూపుతూ పోట్లాడుకుంటుంటే చూడలేక ఆవిడకి కళ్ళు తిరిగేవి. ఎదుటివాళ్ళ మాట అయ్యాక వాళ్ళు చేతులు కట్టుకుంటారు, అప్పుడు మనం విప్పి జవాబు చెప్పాలి. విప్పకుండా అలాగే కూర్చుంటే కచ్చి అన్నమాట. నీ మాట నాకు గిట్టలేదు, నీతో మాట్లాడను, ఇంక నువ్వెంత బతిమాలినా లాభం లేదు. మా ఇద్దరికీ బోలెడు కచ్చిలు అయ్యాయి. వాడి పద్ధతి నాకన్నా ఘోరం, చేతులు కట్టుకోవడం చాలక కళ్ళు కూడా మూసుకునేవాడు. చెవిటివాడు కళ్ళు మూసుకుంటే ఇక వాడితో మాట్లాడ్డం దేవుడి తరం కూడా కాదు.

అమ్మ పోయాక ఆ భాషకి మేమిద్దరమే మిగిలాం. నన్నిచ్చింది నందిగామ. జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్య ముప్పై కిలోమీటర్లు ఉంటుందేమో. ముప్పై కిలోమీటర్లు ఓ దూరమా అనేవాళ్ళకి ఒక్కటే చెబుతాను. ఇల్లాలు పొద్దున బస్సెక్కి సాయంత్రానికి వస్తానంటే, మధ్యాహ్నం అన్నం సంగతేమిటని ఇంట్లో ఒక మహాసభ జరగాలి. ఆ సభ పడలేక నేను నెలకోసారి వెళ్ళేదాన్ని. మిగతా రోజుల్లో వీడియో కాలు.

బుల్లిబాబు బస్టాండు దగ్గర ఇమాం భాయ్ టైలరింగ్ షాపులో కుడతాడు. పదిహేనేళ్ళ వయసులో అక్కడ కాజాలు కుట్టడానికి చేరినవాడు, ఇవాళ పేటలో పెళ్ళికొడుకుల సూట్లన్నీ వాడి చేతిమీదే వెళ్ళాలి. సాయంత్రం టీ తాగే వేళకి వాడు ఫోన్ చేస్తాడు. నేను వంటింటి గట్టు మీద పోపులడబ్బాకి ఫోను ఆనించి, వంట చేస్తూ మాట్లాడతాను. చేతిలో గరిటె ఉంటే నాకు నత్తి వస్తుంది, వాడు నవ్వుతాడు. షాపుకొచ్చిన వాళ్ళ నడకలు చేసి చూపిస్తాడు. ఫలానా పంతులుగారి పొట్ట కొలతకి టేపు చాల్లేదని చెబుతాడు. నేను మా ఇంటి సంగతులు చెబుతాను. చెప్పడానికి ఏముంటుంది గనక? మా ఆయన నవీన్‌బాబు హైదరాబాదు కంపెనీకి ముందుగదిలోంచి పని చేస్తాడు, చెవులకి హెడ్‌ఫోన్స్. మా అమ్మాయి నీహారిక ఆన్‌లైన్లో కోచింగు క్లాసులు వింటుంది, దానికీ హెడ్‌ఫోన్స్. కూర ఎలా ఉందని అడిగితే ఇద్దరూ బొటనవేలెత్తి చూపిస్తారు. చెవులున్నవాళ్ళు చెవులు మూసుకు తిరిగే ఇంట్లో, నా మాట వినేవాడు ఆ చెవిటివాడొక్కడే.

ఈ కథకి మొదలు ఒక ఆదివారం. అంతకుముందు వారం మా ఆయన మీటింగులో మాట్లాడుతుంటే మాట ముక్కలు ముక్కలుగా వెళ్ళి, పై ఆఫీసరు ఏదో అన్నాడట. ఆ ఆదివారం పొద్దుటి నుంచీ ఆయన గోడకున్న వైఫై డబ్బా ముందు కుర్చీ వేసుకు కూర్చున్నాడు. భోజనాలప్పటికి మొహం వెలిగిపోతోంది.

"కీసర టోల్‌గేటు దగ్గర చూసావుగా గీతా," అన్నాడు. "అంబులెన్స్ వచ్చిందంటే అన్నిట్నీ ఆపి దానికి దారిస్తారు. మన నెట్‌కి కూడా ఇప్పుడు అట్లానే పెట్టా. నా లాప్‌టాప్‌కి ముందు దారి. తర్వాత నీహా ట్యాబు. ఆ తర్వాత టీవీ. మిగతావన్నీ వెనక లైన్లో ఉంటయ్."

మిగతావంటే ఏవని అడిగాను. సీసీ కెమెరా, వాషింగ్ మెషీను, నీ ఫోను అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి నాకు సరైన జత కుదిర్చాడు గదా అనుకున్నాను. మనిషి చెడ్డవాడు కాదు. నా మొహం చూసి, నాకు ఇబ్బంది రాకుండా అదీ ఆలోచించానన్నాడు.

"నీ కాల్స్‌కేం కాదులే. మాటకి ముందు దారి, వీడియోకి తర్వాత అని పెట్టా. నెట్ ఎంత తక్కువున్నా మాట మాత్రం తెగదు."

సంతోషం అన్నాను. పులుసు వడ్డించాను. ఆ మాటలో ఏముందో ఆయనకీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఆ మర్నాటి నుంచి బుల్లిబాబు ఫోన్లో ఒక మార్పు వచ్చింది. నాకు వాడు చక్కగా కనపడుతున్నాడు, మెడలో వేలాడే టేపు మీద అంకెలతో సహా. వాడు మాత్రం తెర దగ్గరికి మొహం పెట్టి కళ్ళు చికిలిస్తున్నాడు. చెప్పింది మళ్ళీ చెప్పమంటున్నాడు. నలభై దాటాక చత్వారం రాకేం చేస్తుంది, కళ్ళజోడు పెట్టించుకోరా అన్నాను. దానికీ వాడు కళ్ళే చికిలించాడు. సూదిలో దారం ఎక్కించుకునేవాడికి కళ్ళ సంగతి చెబితే కోపం కాబోలనుకున్నాను.

ఆ వారంలోనే ఒక సాయంత్రం వాడు షాపులోంచి కాకుండా ఇంట్లోంచి చేశాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, తల దువ్వుకున్నాడు. ముందుగదిలో మా ఆయన మీటింగు నడుస్తోంది. లోపల అమ్మాయికి లెక్కల మాస్టారు ఏదో పరీక్ష పెడుతున్నాడు. నేను స్టవ్ తగ్గించి, చేతులు కట్టుకుని చెప్పమన్నట్టు కూర్చున్నాను.

వాడు గుడ్డలో సూది గుచ్చి తీస్తున్నట్టు చేశాడు. అది జాయిస్ పేరు. నందిగామ అవతల, ఆ టోల్‌గేటున్న కీసర పిల్ల. పిల్లంటే పిల్ల కాదు, ముప్పై అయిదు దాటి ఉంటాయి. మగ్గం వర్కు చేస్తుంది, ఇమాం భాయ్ షాపు జాకెట్లు అక్కడికే వెళతాయి. ఆ అమ్మాయికీ చెవుడే. చెవిటిపిల్లల బళ్ళో చదువుకుంది, చేతుల భాష సక్రమంగా నేర్చుకుంది. ఆ అమ్మాయి చేతులు కుట్టుమిషనులా పరిగెడతాయి, తనకి సగం అర్థం కావని వీడు ఎన్ని నెలలుగానో నాకు చాడీలు చెబుతూనే ఉన్నాడు. చాడీలు మరీ ఎక్కువైనప్పుడే నాకు అనుమానం రావలసింది.

వాడు మూడు ముళ్ళు వేశాడు. గుడ్డలో సూది, తను, మూడు ముళ్ళు. తర్వాత ముక్కుపుడక ముట్టుకుని ఆకాశం చూపించాడు, అమ్మ లేదు. తర్వాత లేని జడ పట్టుకుని లాగాడు, నువ్వున్నావు. నువ్వు చెప్పు. అన్నీ అయ్యాక చేతులు కట్టుకుని నా వంక చూస్తూ కూర్చున్నాడు.

నేను వెంటనే చేతులు విప్పలేదు. వాళ్ళు చర్చికెళ్ళేవాళ్ళు, మేము వేదాద్రి మొక్కులవాళ్ళం, చుట్టాలు నాలుగు మాటలంటారు. ఆ నాలుగింటికీ నలభై చెప్పే ఓపిక నాకుంది, దానికి కాదు. నాకు భయం వేసింది. వాడికి భార్య వస్తే సాయంత్రం టీ వేళ వాడు ఎవరితో మాట్లాడతాడు? నేను ఎవరితో మాట్లాడతాను? ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గేసింది కూడా. అప్పుడు వాడి చొక్కా చూశాను. కాలరు దగ్గర ఇస్త్రీ మడత తప్పింది. చొక్కాలు కుట్టేవాడు, ఇస్త్రీ చెయ్యడం చేతకాక కాదు, ధ్యాస ఇస్త్రీ మీద ఉండి ఉండదు.

చేతులు విప్పాను. మా భాషలో సరేనంటే, రెండు అరచేతులూ మన గుండెకి ఆనించి, ఎదుటివాళ్ళ గుండె మీద పెట్టడం. నా గుండె మీంచి తీసి తెర మీద పెట్టాను. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. అమ్మ ముక్కుపుడక నా దగ్గరే ఉందిరా, ఆ అమ్మాయికి పెడతానన్నాను. చుట్టాల సంగతి నాకొదిలెయ్యమన్నాను. కొంగుతో ముక్కు తుడుచుకుంటూ ఇంకా ఏమేమో అన్నాను. వాడు చేతులు కట్టుకునే చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ వాడి మొహం చిన్నదైపోయింది. తల వంచుకున్నాడు. ఒక చెయ్యి తెర మీదికి చాచాడు, ఫోను ఆగిపోయింది.

ఏడుపొచ్చి పెట్టేశాడనుకున్నాను. ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఇంట్లో ఇద్దరూ బొటనవేలే చూపించారు.

మర్నాడు ఫోన్ రాలేదు. పెళ్ళి పనుల్లో పడ్డాడనుకున్నాను. ఆ మర్నాడూ రాలేదు. నా సరే తీసుకున్నాడు, ఇక అక్కతో పనేముంది, ఏరు దాటాక తెప్ప తగలేసినట్టని మనసులో వాణ్ణి ఉతికి ఆరేశాను. నేనూ చెయ్యలేదు. పంతానికి నేనేం తక్కువ తిన్నాను? టీ వేళకి గట్టు మీద పోపులడబ్బాకి ఫోను ఆనించి పెట్టేదాన్ని. వంకాయలు తరుగుతూ, ఇవాళ పుచ్చులెక్కువున్నాయిరా అని చేత్తో అన్నాను ఒకరోజు. అని, చూసేవాళ్ళెవరూ లేరని చెయ్యి దించుకున్నాను. అంత ఒంటరితనం నాకు అమ్మ పోయినప్పుడు కూడా లేదు. అప్పుడు వాడున్నాడు కదా.

చివరికి పంతం వదిలి నేనే చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను, కట్ చేశాడు. రాసి పంపుదామంటే వాడికి చదువు రాదు. ఇక ఆగలేక ఇమాం భాయ్‌కి మామూలు ఫోను చేశాను. ఇమాం భాయ్ మా నాన్న వయసువాడు, మా తమ్ముడికి పని నేర్పిన గురువు. బుల్లిబాబుకేమైంది భాయ్ అని అడిగాను. 

"నువ్వే వద్దన్నావంటగా అమ్మా," అన్నాడు. "వాడు అన్నం సరిగ్గా తింటం లేదు. ఆ పిల్లని షాపు వైపు రావద్దని చెప్పేసాడు. పెద్దదానివి నువ్వు, నీ ఇష్టం. కాదనే హక్కు నీకుంది. కానీ ఒక మాట చెప్పి కాదనాల్సింది. అట్లా చేతులు కట్టుకు కూర్చుంటే ఎట్లా?"

నేను వద్దనలేదు, నేను సరేనన్నాను అన్నాను. ఆయన నమ్మినట్టు లేదు. ఫోటో ఉందిగా అన్నాడు. బుల్లిబాబు ఆ రోజు మాట్లాడుతుండగానే తెర మీది బొమ్మని తన ఫోన్లో తీసి, పొద్దున్నే తెచ్చి చూపించాడట. దాన్ని నాకు పంపాడు.

ఆ ఫోటోలో నేనున్నాను. వంటింటి గోడ, వెనక క్యాలెండరు, స్టవ్ మీద గిన్నె, ముందు నేను. చేతులు గట్టిగా కట్టుకుని, పెదాలు బిగించి, కళ్ళార్పకుండా చూస్తున్నాను. ఏ కోర్టులోనో తీర్పు చెప్పడానికి కూర్చున్నట్టున్నాను. కింద మూలన చిన్న గడిలో ఇస్త్రీ చొక్కా వేసుకుని మా తమ్ముడున్నాడు. ఒక చెయ్యి తెర నొక్కడానికి చాచాడు, రెండోది ఇంకా కట్టుకున్నట్టే ఉంది. అంటే అడగడం అయిపోయింది, నా జవాబు కోసం చూస్తున్నాడు. ఎంతసేపు చూశాడో. నేను ఎన్నిసార్లు నా గుండె మీంచి తీసి తెర మీద పెట్టానో, అన్నిసార్లూ వాడికి ఈ చేతులు కట్టుకున్న అక్కే కనపడింది.

ఫోను తీసుకెళ్ళి మా ఆయన లాప్‌టాప్ మీద పెట్టాను. మీటింగు మధ్యలోనే పెట్టాను. ఆయన ఫోటో చూసి, నా మొహం చూసి, హెడ్‌ఫోన్స్ తీశాడు. విషయమంతా చెప్పాను. ఆయన రంగు మారింది.

"ఆ టైములో నీకు వాడు బాగానే కనబడ్డాడా?" అన్నాడు.

కనపడ్డాడన్నాను.

"ఇంట్లోకి వచ్చే దారికి ఇబ్బంది లేదు గీతా. ఇంట్లోంచి బయటికి పోయే దారి సన్నం. నేనూ నీహా ఇద్దరం వీడియోలో ఉంటే మాకే చాలదది. నీ బొమ్మ వెనక లైన్లో ఆగిపోయుంటుంది." హెడ్‌ఫోన్స్ బల్ల మీద పెట్టి అన్నాడు, "మాట మాత్రం వెళ్ళే ఉంటుంది."

వెళ్ళే ఉంటుంది. నిజమే. తెర మీద చెయ్యి పెట్టిన ప్రతిసారీ నా గాజులు గల్లుమన్నాయి. నా గాజుల చప్పుడు, నా ఏడుపు, కుక్కరు కూత, ఏదీ ఎక్కడా తెగకుండా జగ్గయ్యపేట చేరి ఉంటాయి, పుట్టు చెవిటివాడికి. మా ఆయన పనిగట్టుకుని మరీ మాటకి ముందు దారిచ్చాడు. ఆయన్ని ఏమనను? మాటంటే నోట్లోంచి వచ్చేదే అనుకున్నాడు. ఇన్నేళ్ళుగా నేను వంటింట్లో మాట్లాడుతున్నది మాటేనని ఆయనకి తెలీదు. నేనూ ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడే మార్చేస్తాను, నీదే ముందు పెడతానని ఆయన గబగబా ఏవో నొక్కుతున్నాడు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయని ఒక మాట విసిరేసి వంటింట్లోకి వచ్చేశాను.

ఇమాం భాయ్ ఫోన్లో ఇంకో మాట కూడా చెప్పాడు. జాయిస్‌కి జి.కొండూరు వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమె అన్న ఫ్రాన్సిస్ వాళ్ళకి మాట ఇస్తాడట. నా మాటగా మీరే బుల్లిబాబుకి చెప్పండి భాయ్ అని బతిమాలాను. "కాలరు, కటింగు, టీ, ఇంతవరకే అమ్మా నా చేతులకి వచ్చింది. ఇంత పెద్ద మాట నాకు రాదు," అన్నాడాయన.

ఆ మధ్యాహ్నమంతా గట్టు పక్కన కూర్చుని ఆ ఫోటో చూశాను. నిజం చెబుతున్నాను, మనసు ఒకచోట ఆగింది. నేను వద్దనలేదు. అబద్ధమూ ఆడలేదు. తప్పు నాది కాదు, గోడకున్న డబ్బాది. నేను ఊరికే కూర్చుంటే చాలు. ఆదివారం దాటుతుంది. బుల్లిబాబు ఓ నెల అలుగుతాడు. తర్వాత వాడికి మాత్రం నేను కాక ఎవరున్నారు? టీ వేళకి మళ్ళీ ఫోన్ చేస్తాడు. పంతులుగారి పొట్ట చూపిస్తాడు. ఎప్పటిలా ఉంటాం ఇద్దరం. అది కావాలనిపించింది, చాలా కావాలనిపించింది. మళ్ళీ ఫోటోలో ఆ చిన్న గడి వంక చూశాను. ఆ కాలరు మడత.

మర్నాడు పొద్దున్నే, అన్నం సంగతి మీరే చూసుకోండని చెప్పి బస్సెక్కాను. మహాసభ జరగలేదు. మా ఆయన బస్టాండు దాకా బండి మీద దింపాడు. దిగాక, వాడికి నా తరఫున కూడా చెప్పు అన్నాడు. ఏమని చెప్పను, నీకు చెవుల మీద అరచేతులని పేరని నీకే తెలీదు అనుకున్నాను. చిల్లకల్లు దగ్గర టోల్‌గేటులో బస్సు చాలాసేపు నిలబడింది. పక్క లైన్లో కార్లన్నీ సర్రున పోతున్నాయి. దిగి నడిచిపోదామా అనిపించింది.

షాపు గుమ్మంలో నిలబడేసరికి బుల్లిబాబు మిషను మీద ఉన్నాడు. నీడ పడితే తలెత్తాడు. నన్ను చూశాడు. మొహంలో ఒక్క క్షణం ఏదో వెలిగింది, వెంటనే ఆరిపోయింది. మిషను మీంచి పాదం తీసేశాడు. చేతులు కట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

చిన్నప్పటి కచ్చి అది, ఏమీ మారలేదు. రెప్పలు ఎంత బిగించాడంటే కళ్ళ చివర ముడతలు పడ్డాయి. వాడి ముందు నా గుండె మీద చేతులు పెట్టి తీశాను. ఎవరికి? గల్లుమని గాజులు మాత్రం మోగాయి. కటింగు బల్ల దగ్గర ఇమాం భాయ్ కత్తెర పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆయనకి వినపడింది, వినపడవలసినవాడికి తప్ప.

వంగి వాడి చేతులు పట్టుకున్నాను. బిగించాడు. టైలరు చేతులు, బలంగా ఉంటాయి. చిన్నప్పుడు జడ విడిపించుకున్నట్టు ఒక్కొక్క వేలే విడదీశాను. వాడి రెండు అరచేతులూ తీసుకుని నా గుండె మీద పెట్టుకున్నాను. కాసేపు ఉంచాను. తర్వాత వాటిని తీసుకెళ్ళి వాడి గుండె మీద పెట్టాను. మళ్ళీ నా గుండె, మళ్ళీ వాడి గుండె. వాడి చేతులతోనే వాడికి సరేనని చెప్పాను. తర్వాత వాడి వేళ్ళు పట్టుకుని, లేని దారంతో, మూడు ముళ్ళు వేయించాను.

మూడో ముడి దగ్గర వాడి వేళ్ళు వాటంతటవే కదిలాయి. కళ్ళు తెరిచాడు.

ఫోన్లో ఆ ఫోటో చూపించి, ఇది నేను కాదురా అన్నాను. వైఫై డబ్బా సంగతి మా భాషలో ఎలా చెప్పాలో తెలీలేదు. చెవుల మీద అరచేతులు పెట్టి, గోడ చూపించి, తాళం వేసినట్టు చేశాను. వాడికి ఏం అర్థమైందో గానీ పగలబడి నవ్వాడు. నవ్వుతూనే నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. ఇమాం భాయ్ ఎవర్నో పంపించి మూడు టీలు తెప్పించాడు. టీ తాగి ముగ్గురం బస్సెక్కి కీసర వెళ్ళి ఫ్రాన్సిస్‌తో మాట్లాడాం.

పెళ్ళి కీసర చర్చిలో అయింది. మూడు ముళ్ళు లేవు, ఉంగరాలు మార్చుకున్నారు. అమ్మ ముక్కుపుడక జాయిస్‌కి ఇచ్చాను. ఆ అమ్మాయికి ముక్కు కుట్టించుకునే అలవాటు లేదు. దాన్ని గొలుసులోకి ఎక్కించి మెడలో వేసుకుంది. మంచి పిల్ల. నాతో మాట్లాడేటప్పుడు చేతులు నెమ్మదిగా తిప్పుతుంది, పరాయి ఊరివాళ్ళకి దారి చెప్పినట్టు.

ఇప్పుడు మా ఇంట్లో నా ఫోనుదే ముందు దారి. మా ఆయన తన లాప్‌టాప్‌ని కూడా నా వెనక్కి నెట్టాడు. నా బొమ్మ అద్దంలో చూసుకున్నంత బాగా వెళుతోందట. ఆయనకి ఆఫీసులో మాట ఎక్కడైనా తెగితే ఏమీ అనడు, వంటింట్లోకి తొంగిచూసి వెళ్ళిపోతాడు. ఫోను మాత్రం మునుపటంత తరచుగా రాదు. మొదట్లో రోజూ చేసేవాడు. తర్వాత రోజు మార్చి రోజు. ఇప్పుడు గుర్తొచ్చినప్పుడు. టీ వేళకి వాడు షాపులో ఉండడు, జాయిస్ దగ్గరికి వెళతాడు. ఆదివారాలు ఆమెతో చదువుకున్నవాళ్ళు వస్తారు, ఇల్లంతా చేతులే.

వాడు ఆ బడి భాష నేర్చుకుంటున్నాడు. తొందరగా వచ్చేస్తోంది, మునుపే వాగుడుకాయ గదా. మొన్న అమ్మ గురించి ఏదో చెబుతూ ముక్కు ముట్టుకోలేదు, ఇంకేదో చేశాడు. నేను తెల్లమొహం వేశాను. అప్పుడు గుర్తొచ్చి ముక్కు మీద వేలు పెట్టి చూపించాడు. నలభై ఏళ్ళు ఒక్క మనిషితోనో ఇద్దరితోనో మాట్లాడినవాడికి ఇవాళ ఇంటినిండా మాట్లాడేవాళ్ళున్నారు. నేను సరేనన్నది దానికే. నాకు సంతోషంగా ఉంది, ఒంటరిగానూ ఉంది. రెండూ ఒకే గిన్నెలో ఉడుకుతున్నాయి, దేన్నీ వేరు చెయ్యలేను.

నిన్న సాయంత్రం ఫోన్ వచ్చింది. పోపులడబ్బాకి ఆనించాను. ఇద్దరూ ఉన్నారు. వాడు నాకు ఏదో చెప్పబోతుంటే జాయిస్ అడ్డొచ్చి కాదంది. వాడు ఆమె వైపు తిరిగాడు. ఆమె ఇంకేదో అంది. వాడు నవ్వాడు, ఆమె వాడి చెయ్యి మీద ఒక దెబ్బ వేసింది. ఇద్దరి చేతులూ ఒకేసారి పరిగెడుతున్నాయి. అమ్మ చూస్తే కళ్ళు తిరిగేవి. నాకు ఒక్క మాటా అర్థం కాలేదు. మర్యాద ప్రకారం చేతులు కట్టుకుని, వాళ్ళ మాట అయ్యేదాకా చూస్తూ కూర్చున్నాను.

అది తొందరగా అవలేదు. నా వెనక పప్పు ఉడికి ఇగిరింది. నేను కదల్లేదు.

బుల్లిబాబు ఎప్పుడో ఫోను వంక చూశాడు. వాడి నవ్వు ఆగింది. మొహం దగ్గరికి తెచ్చి కళ్ళు చికిలించాడు. జాయిస్ వైపు తిరిగి, చెవుల మీద అరచేతులు పెట్టి, గోడ చూపించి, తాళం వేసినట్టు చేశాడు. తర్వాత వేలితో తెర మీద తట్టాడు. ఒకసారి, మళ్ళీ ఒకసారి. నా బొమ్మ ఆగిపోయిందనుకున్నాడు.

నేను చేతులు విప్పి, నా జడ నేనే పట్టుకుని లాగాను.